చప్పుడు చెయ్యని కంప్యూటరు

రియాద్‌లో మన తెలుగువాళ్లు నలుగురు చేరినచోట "కంప్యూటరు కొందామనుకుంటున్నాం" అని ఒక్క మాట అని చూడండి. ఆ పూట ఇంక వేరే ప్రసంగం ఉండదు. మనలో ఇంజనీర్లు ఎక్కువ. మేమిద్దరం డాక్టర్లమని తెలిస్తే వాళ్లు మోకాళ్ల నొప్పికి మందు అడుగుతారు, వాళ్లు కనిపిస్తే మేము కంప్యూటరు సంగతులు అడుగుతాం. ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఏనాటి నుంచో ఉన్నదే, ఎవరికీ నష్టం లేదు.

అయితే "సంగీతం రికార్డు చేసుకోవడానికి" అని చేర్చేసరికి సలహాల ధోరణి మారిపోయింది. "అయితే అన్నిటికన్నా పెద్దది తీసుకోండి" అన్నారు ఒకరు. "గేములాడే పిల్లలు కొంటారు చూశారూ, అటువంటిది, 3 ఫాన్లు, లోపల రంగు దీపాలు" అన్నారు ఇంకొకరు. బడ్జెట్ ఎంత అని అందరూ అడిగారు. ఏ పాట, ఎవరు పాడతారు, ఎక్కడ కూచుని పాడతారు అని అడిగినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. తీరా కొనబోయేసరికి మాకు పనికొచ్చినవి ఆ మూడు ప్రశ్నలే. మన సంఘంలో మరో రెండు మూడు కుటుంబాలవాళ్లు ఈమధ్య ఇదే విషయం అడుగుతూ ఉండటంవల్ల, అందరికీ విడివిడిగా చెప్పేకన్నా పత్రికలో రాసేస్తే పోతుందని సంపాదకులు అన్నారు. అందుకని ఈ నాలుగు మాటలు.

ముందుగా ఎవరు పాడతారో చెప్పాలి. పిల్లల అమ్మమ్మగారు. ఆవిడది పశ్చిమ గోదావరిలో పెనుగొండ దగ్గర పల్లెటూరు. వయసు 71. సంగీతం ఎవరిదగ్గరా నేర్చుకోలేదు. కాని అత్తగారి దగ్గరా, మేనత్త దగ్గరా విని పట్టిన పాటలు ఎన్నో ఆవిడకే లెక్క తెలియదు. మంగళహారతులు, లాలిపాటలు, నలుగుపాటలు, అప్పగింతల పాటలు, వియ్యపురాలిని ఆడిపోసుకునే పాటలు సరేసరి. వాటికన్నా విలువైనవి పొడుగు పాటలు. ఊర్మిళాదేవి నిద్ర, లక్ష్మణదేవర నవ్వు వంటివి. గంటసేపు పాడినా తెమలవు. నేదునూరి గంగాధరంగారి వంటివాళ్లు ఊరూరా తిరిగి ఇటువంటి పాటలు సేకరించబట్టి మాటలు చాలావరకు అచ్చులో నిలిచాయి. వెల్చేరు నారాయణరావుగారు ఈ ఆడవాళ్ల రామాయణం పాటలమీద ఇంగ్లీషులో రాసిన వ్యాసం 1991లో ఒక సంపుటిలో వచ్చాక పై దేశాల విశ్వవిద్యాలయాల్లో కూడా వీటి పేరు వినపడింది. ఇంతా చేసి పుస్తకంలో ఉన్నది మాట. వరస పుస్తకంలో ఎక్కడుంటుంది? అది గొంతులో ఉంటుంది. ఆ గొంతు ఉన్నన్నాళ్లే ఉంటుంది.

ఇది మేము ఊరికే అంటున్న మాట కాదు. ఆవిడకు గొంతు దగ్గర థైరాయిడ్ గ్రంథి కొన్నేళ్లుగా ఉబ్బుతోంది. సూది పరీక్షలో చెడ్డదేమీ లేదని తేలింది గాని, ముద్ద మింగడానికి అడ్డం పడుతోంది, వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడటంలేదు. ఆపరేషన్ చేయించాల్సిందే. డిసెంబరులో విజయవాడలో చేయించుకోవడానికి ఏర్పాటయింది. ఈలోగా మూడు నెలలు మా దగ్గర ఉండటానికి 2025 ఆగస్టు చివర విజిట్ వీసామీద వచ్చారు.

వైద్యం చదివినవాళ్లకు ఇందులో ఒక చిక్కు వద్దన్నా గుర్తొస్తుంది. మాట పలికించే స్వరపేటికకు వెళ్లే నరం ఆ గ్రంథిని ఆనుకుని, వెనకనుంచి పైకి పోతుంది. దానికి దెబ్బ తగిలితే గొంతు బొంగురుపోతుంది. పైన ఇంకో సన్నని నరం ఉంది. అది దెబ్బతింటే మామూలు మాటకు లోటుండదు. పైస్థాయి మాత్రం అందదు. ఇటలీ గాయని అమెలిటా గల్లీ-కూర్చికి 1935లో చికాగోలో గాయిటరు ఆపరేషన్ జరిగింది. ఆ తర్వాత ఆమె పాట మునుపటిలా లేకపోవడంతో కొందరు సర్జన్లు ఆ నరాన్ని ఆమె పేరుతోనే చెప్పుకుంటారు. అసలు కారణం ఆపరేషనేనా అని తర్వాతివాళ్లు సందేహించారు కూడా. చెయ్యి తిరిగిన సర్జన్ల దగ్గర ఈ ప్రమాదం బాగా తక్కువ. రోగుల బంధువులతో మేమే ఎన్నోసార్లు "తక్కువండీ, కంగారుపడకండి" అని చెప్పి ఉంటాం. కాని అవతల పడుకోబోయేది ఊర్మిళాదేవి నిద్ర పాడే మనిషి అయినప్పుడు ఆ 'తక్కువ' అనే మాట చెవికి వేరుగా వినపడింది.

ఇంకో సంగతి ఉంది. 1984లో ఆవిడ మరిదిగారు దమ్మాం నుంచి సెలవుకు వస్తూ టూ-ఇన్-వన్ తెచ్చారట. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ల చేతిలో అది లేకపోతే ఆ రోజుల్లో ఊరు ఒప్పుకునేది కాదు గదా. అందులో ఆవిడ అత్తగారి చేత ఒక రాత్రంతా పాడించారు. ఆ కేసెట్టుమీద తర్వాత ఎవరో సినిమా పాటలు ఎక్కించేశారు. ఎవరన్నది నలభయ్యేళ్లయినా తేలలేదు. ఇప్పటికీ పెళ్లిళ్లలో ఆ తగువు వస్తుంది.

ఇంట్లో కంప్యూటరు లేక కాదు. 2016లో కొన్న విండోస్ లాప్‌టాపు ఉంది. పెద్దపిల్ల వారానికి రెండుసార్లు దానిమీదే విజయవాడ టీచరుగారి దగ్గర వయొలిన్ పాఠం చెప్పించుకుంటుంది. దాని ఫాను తిరిగితే ఇంట్లో మిక్సీ వేశారా అనిపిస్తుంది. పైగా విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. అంత పాత ప్రాసెసరును విండోస్ 11 రానివ్వదు. ఎలాగూ మార్చాల్సిందే.

(వయొలిన్ పాఠం మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. ఆన్‌లైన్ పాఠాల్లో టీచరుగారి తంబురా మీ పిల్లలకు వినపడటంలేదా? తప్పు తంబురాది కాదు, ఇంటర్నెట్టుదీ కాదు. ఈ మాటల యంత్రాలన్నీ ఎడతెరిపి లేకుండా ఒకే తీరున వచ్చే చప్పుడును రొద అనుకుని చెరిపేస్తాయి. తంబురా చేసేది సరిగ్గా అదే! జూమ్‌లో 'ఒరిజినల్ సౌండ్' అనేది నొక్కితే శ్రుతి తిరిగి వస్తుంది.)

అమ్మమ్మగారి పాటకు కావలసింది ఎంత? ఒక్క గొంతు. వెనక తంబురా. ఒక్కోసారి మనవరాలి వయొలిన్. లెక్క కట్టి చూశాం. గొంతును సెకనుకు 48,000 సార్లు, ఒక్కోసారి 3 బైట్ల చొప్పున కొలిచి దాచినా నిమిషానికి 8.64 మెగాబైట్లు. గంటకు అర గిగాబైటు చిల్లర. 40 గంటలు పాడినా 21 గిగాబైట్లు దాటదు. ఈ పనికి ఇప్పుడు దుకాణంలో దొరికే ఏ కంప్యూటరైనా చాలు. వెయ్యి వయొలిన్లు, చర్చి గంటలు, జపాను డోళ్లు లోపల దాచుకుని సినిమా పాటలకు మల్లే వాయిద్యాలు పేర్చేవాళ్ల సంగతి వేరు. వాళ్లకు 32 గిగాబైట్ల మెమరీ, టెరాబైట్ల డిస్కు నిజంగానే కావాలి. అటువంటివాళ్లు పెద్ద డెస్క్‌టాపు కొని పక్క గదిలో పెట్టుకుని గోడ కింద నుంచి తీగ లాక్కోవడం మేలు. మా సమస్య బలం కాదు. నిశ్శబ్దం.

మన దేశంలో పల్లెటూళ్లో రికార్డు చేస్తే కోడి కూస్తుంది, పంపు మోగుతుంది, ఎవరో ఒకరు పిలుస్తారు. కాని మధ్యలో నిజమైన నిశ్శబ్దం కాసేపు దొరుకుతుంది. రియాద్‌లో సెప్టెంబరులో అది లేదు. బయట మధ్యాహ్నం 40 డిగ్రీలకు పైన. ఎ.సి. ఆపితే గంటలో గది వేడెక్కుతుంది. ఎ.సి. ఉంటే పాటలో ఎ.సి. ఉంటుంది. అది ఆపేస్తే ఫ్రిజ్ వినపడుతుంది. ఫ్రిజ్ ఆపితే, అప్పటిదాకా మర్యాదగా ఉన్న కంప్యూటరు గది వేడికి తన ఫాను తిప్పడం మొదలుపెడుతుంది. ఒక రొద తీసేస్తే దానికింద ఇంకో రొద. పొరలు ఒలిచిన ఉల్లిపాయ మాదిరి.

చివరికి మిగిలేది కరెంటు గుణుగుడు. ఇందులో ఒక తమాషా ఉంది, సంగీతం తెలిసినవాళ్లు నవ్వుకుంటారని చెబుతున్నాం. మన దేశంలో కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు. సౌదీలో 60. అరవైని యాభైతో భాగిస్తే ఆరుకు అయిదు. అది శుద్ధంగా సాధారణ గాంధారం. మన ఊరి కరెంటు షడ్జమమైతే ఇక్కడి కరెంటు గాంధారం పాడుతోందన్నమాట! ఇంత చక్కని గాంధారమైనా అమ్మమ్మగారి శ్రుతికి కలవదు, ఆవిడ పాట వెనక వినపడకూడదు. లాప్‌టాపును చార్జరు నుంచి ఊడదీసి బ్యాటరీమీద నడిపితే ఆ గుణుగుడు చాలా ఇళ్లలో మాయమవుతుంది. డెస్క్‌టాపుకు ఆ సౌకర్యం లేదు. మేము లాప్‌టాపువైపు మొగ్గడానికి ఇదొక కారణం.

కాబట్టి కొనడానికి వెళ్లేటప్పుడు మా చీటీలో ప్రాసెసరు పేరు లేదు. ఒకే ఒక్క ప్రశ్న. ఎంత చప్పుడు చేస్తుంది? ఈ సంగతి ఏ డబ్బామీదా రాయరు.

ఒలయ్యా వీధి కంప్యూటరు మార్కెట్టు మీలో చాలామందికి తెలిసిందే. వారాంతపు సాయంత్రం వెళ్లాం. ఆ జనసందోహంలో, ఆ ఎ.సి.ల హోరులో ఏ లాప్‌టాపు ఫాను ఎలా తిరుగుతోందో ఏం వినపడుతుంది? ఆసుపత్రి నుంచి నేరుగా రావడంవల్ల సంచిలో స్టెతస్కోపు ఉంది. తీసి పెట్టాం. వరసగా ఒక్కొక్క లాప్‌టాపు అడుగున పెట్టి విన్నాం. చిన్నవాటికి సన్నని ఈల, పెద్ద గేముల యంత్రానికి ముసలివాళ్ల ఆయాసంలాంటి గురక. కౌంటరు వెనకున్న కుర్రాడు కాసేపు ఓర్చుకుని, మా మాటలు విని తెలుగువాళ్లమని పోల్చుకుని, "సార్, లాప్‌టాపుకు బీపీ చూస్తున్రా?" అన్నాడు.

"లేదు బాబూ, దాని ఊపిరి వింటున్నాం."

జగిత్యాల కుర్రాడు. సంగతంతా విన్నాక మమ్మల్ని గేముల యంత్రాలనుంచి మళ్లించి చివరి బల్లదగ్గరికి తీసుకుపోయాడు. "అగో, గా పతలగున్నది సూడున్రి అక్కా. దానికి ఫానే లేదు. ఇంటే ఏమి ఇనవడది. గేములకు మాత్రం పనికిరాదు మల్ల" అన్నాడు. స్టెతస్కోపు పెడితే నిజంగానే ఏమీ లేదు. మా వృత్తిలో అలా ఏమీ వినపడకపోతే పరుగులు పెట్టాలి. ఇక్కడ సంతోషించాం.

అది 2025 మార్చిలో వచ్చిన మాక్‌బుక్ ఎయిర్, ఎమ్4 చిప్పుది. ఆపిల్ సొంత చిప్పులు పెట్టడం మొదలుపెట్టిన 2020 నవంబరు నుంచి ఆ రకానికి ఫాను లేదు. అమెరికాలో దాని మొదటి ధర 999 డాలర్లు. ఇక్కడ రియాలు డాలరుకు 3.75 చొప్పున ఎప్పటినుంచో కట్టేసి ఉన్నా, 2020 జూలై నుంచి 15 శాతం వ్యాటు ఉంది కాబట్టి గుణకారం చేసుకుని వెళ్లి లాభంలేదు. 2024 చివర వచ్చిన మాక్ మినీ ఇంకా చవక, దాని మొదటి ధర 599 డాలర్లు. దానికి ఫాను ఉన్నా మెల్లగా తిరుగుతుంది. కాని తెరా కీబోర్డూ వేరే కొనాలి, గోడకు తగిలించనిదే నడవదు. విండోస్‌లో కూడా ఫాను లేనివి అక్కడక్కడా ఉన్నాయి. కొత్తరకం ఆర్మ్ చిప్పులతో వచ్చిన విండోస్ లాప్‌టాపులకు అన్ని ఆడియో పెట్టెల డ్రైవర్లూ మేము కొన్ననాటికి రాలేదు, అందుకని వాటి జోలికి పోలేదు.

అంతమాత్రాన అది దోషంలేని యంత్రమని కాదు. ఫాను లేని కంప్యూటరు వేడెక్కితే చేయగలిగింది ఒక్కటే, నెమ్మదించడం. 35 డిగ్రీలు దాటిన గదిలో వాడవద్దని తయారుచేసినవాళ్లే చెబుతారు. మెమరీ లోపలే అతికి ఉంటుంది, తర్వాత పెంచుకోవడం కుదరదు. 16 గిగాబైట్లు మా పనికి ధారాళం. నిలవ చోటుకు ఆపిల్ అడిగే డబ్బు అన్యాయం, అంచేత చిన్నదే కొని, బయట తగిలించే డిస్కులు రెండు తీసుకున్నాం. 2025 చివరి నెలల్లో మెమరీ చిప్పుల ధరలు బాగా పెరిగాయి. కృత్రిమ మేధ డేటా కేంద్రాలవాళ్లు చిప్పులన్నీ ఎగరేసుకుపోతున్నారట. ఇప్పుడు కొనబోయేవాళ్లు అది కూడా చూసుకోవాలి.

డబ్బు కట్టేటప్పుడు ఆ కుర్రాడు తన ఫోను తీసి, "మా అమ్మ గూడ పాడ్తది సార్, బతుకమ్మ పాటలు. అన్నీ ఇండ్లనే ఉన్నయి" అని ఒకటి వినిపించాడు. ఆడవాళ్లందరూ గుండ్రంగా తిరుగుతూ చప్పట్లు. చప్పట్లు పడ్డచోటల్లా గొంతులు మునిగి, మళ్లీ మెల్లగా పైకి తేలుతున్నాయి. ఫోను తనంతట తాను స్థాయి సవరించుకుంటుంది కదా, గట్టి చప్పుడు తగలగానే అన్నిటినీ తగ్గించేస్తుంది. అదే సంగతి చెబితే, "గట్లనా! నాకైతే మునిగినా తేలినా ఎర్కయితది సార్, గది మా అమ్మ గొంతే" అన్నాడు. దానికి మా దగ్గర జవాబు లేదు. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే, కంప్యూటరు కొనేదాకా ఆగకండి. ఫోనులోనే ముందు పట్టి ఉంచండి. మేమూ మొదటి వారం ఫోనులోనే పట్టాం.

ఇక్కడ కాస్త పక్కకు పోతున్నాం. 1980లలో గల్ఫ్ వచ్చినవాళ్లకు సఖర్ కంప్యూటరు గుర్తుండే ఉంటుంది. కువైట్ కంపెనీ అరబ్బీ అక్షరాలతో తెచ్చిన ఇంటి కంప్యూటరు. వాటిలో కొన్నింటిని తయారుచేసింది వయొలిన్లూ పియానోలూ చేసే యమహావాళ్లే! ఆ జాతి యంత్రాల్లోనే యమహా 1984లో సంగీతం కోసం ప్రత్యేకంగా ఒకటి తెచ్చింది. కీబోర్డులూ కంప్యూటర్లూ మాట్లాడుకునే మిడి అనే భాష 1983లో పుట్టింది. 1985లో వచ్చిన అటారీ ఎస్‌టీకి మిడి తీగ తగిలించే రంధ్రాలు పుట్టుకతోనే ఉన్నాయి. రమేశ్ నాయుడుగారి వాద్యబృందంలో కీబోర్డు వాయించిన కుర్రాడు ఎ.ఆర్. రహమాన్ 1992లో 'రోజా'తో ఏం చేశాడో చెప్పనక్కరలేదు. మన వాళ్లలో కొందరికి కంప్యూటరంటే ఇప్పటికీ సంగీతానికి శత్రువు. అది యంత్రం తప్పు కాదు, గమకం ఉన్న గొంతును తెచ్చి పియానో మెట్లమీద కూచోబెట్టే మన తొందర తప్పు. స్వరాలు దిద్దే సాఫ్ట్‌వేరు ఉంది చూశారూ, అది మన గమకాన్ని అపశ్రుతి అనుకుని సాపు చేస్తుంది. దాన్ని మా కంప్యూటరులో చేరనివ్వలేదు.

సాఫ్ట్‌వేరు గురించి ఎక్కువ చెప్పేదిలేదు. ఆపిల్‌తో గరాజ్‌బాండ్ ఉచితంగా వస్తుంది, పిల్లలకు అది చాలు. లాజిక్ అనేది పెద్దది. ఒకప్పుడు విండోస్‌మీద కూడా ఉండేది. 2002లో ఆపిల్ ఆ కంపెనీని కొనేశాక విండోస్ రూపం ఆపేశారు. మేము రీపర్ అనేదాన్ని తీసుకున్నాం. 60 రోజులు వాడి చూసి నచ్చితే 60 డాలర్లు కట్టాలి. విండోస్‌లోనూ మాక్‌లోనూ నడుస్తుంది కాబట్టి రేపు మీరెవరైనా మా పాటలు తెరవాలన్నా ఇబ్బంది లేదు.

ఆలస్యం అనే జబ్బు గురించి మాత్రం ఒక మాట. మైకులో పడ్డ గొంతు కంప్యూటరులోకి వెళ్లి హెడ్‌ఫోనులోకి తిరిగి రావడానికి కాస్త సమయం పడుతుంది. ఒక దఫాకు 128 కొలతల చొప్పున తీసుకుంటే 2.7 మిల్లీసెకన్లు, 1,024 చొప్పున అయితే 21 పైచిలుకు. గాలిలో శబ్దం మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్లు పోతుంది కాబట్టి, ఆ రెండోది మృదంగం మనిషి ఏడు మీటర్ల అవతల కూచుని వాయిస్తున్నట్టు. పాప వయొలిన్‌కు ఇది తెలిసిపోతుంది. అందుకే చిన్న సంఖ్య పెట్టుకోవాలి, దాన్ని తట్టుకునే యంత్రం కావాలి. ఎమ్4కు అది లెక్కలోది కాదు.

అమ్మమ్మగారికి ఈ బాధే లేదు. హెడ్‌ఫోను చూడగానే, "నా చెవులు మూసేసి నన్ను పాడమంటావేమిటే అమ్మడూ?" అన్నారు. తాళానికి కంప్యూటరు టిక్కుటిక్కు వినిపించబోతే, "దాని పాట అది పాడుకుంటుంది, నా పాట నేను పాడుకుంటా" అన్నారు. తొడమీద చేత్తో తట్టుకుంటూనే పాడారు. ఆ తట్టు చప్పుడు ప్రతి పాటలోనూ ఉంది. తీసెయ్యవచ్చు, తియ్యలేదు.

పాడింది పడకగదిలో, బట్టల బీరువాలు రెండూ తలుపులు బార్లా తీసి మధ్యలో కుర్చీ వేసి. పట్టుచీరలు, పిల్లల చలికోట్లు, ఆసుపత్రి కోట్లు, వాటి పక్కన బొంతలు. గది ప్రతిధ్వనిని ఇవన్నీ తాగేస్తాయి, స్టూడియో ఖర్చు లేదు. ఇషా నమాజు అయ్యాక వీధి కాస్త సద్దుమణుగుతుంది. ఎ.సి. ఆపి, ఫ్రిజ్ ఆపి, చార్జరు ఊడదీసి 12 నిమిషాలు. మళ్లీ ఎ.సి. వేసి 20 నిమిషాలు విరామం, మంచినీళ్లు. ఆవిడ ఆయాసానికీ, కంప్యూటరు వేడికీ, మా ఓపికకూ ఆ లెక్క సరిపోయింది. గంట పాట నాలుగైదు ముక్కలయింది. "పాటను కొత్తిమీర కట్టలా కోస్తున్నారు మీరు" అని కోపం. నవంబరు మధ్యకు చల్లబడింది, ఎ.సి. అక్కర్లేకపోయింది. అప్పుడు లక్ష్మణదేవర నవ్వు మొదటినుంచి చివరిదాకా ఒక్క బిగిన పాడారు.

లాలిపాటలు మాత్రం ఒట్టి మైకు ఎదుట రానన్నాయి. ఒకటి రెండు చరణాలయ్యాక మాట తట్టేదికాదు. నాలుగేళ్లవాణ్ణి ఒళ్లో పడుకోబెట్టాక వరసగా తొమ్మిది వచ్చాయి. మూడోదానికే వాడు నిద్రపోయాడు. వాడి ఊపిరి కూడా రికార్డులో ఉంది. ఫాను ఊపిరి వద్దని అంత వెతికాం గాని, దీనికి మాకు అభ్యంతరం లేకపోయింది.

మొత్తం 43 పాటలు. 11 గంటల చిల్లర, తప్పులూ విరామాలూ కలిపి. కంప్యూటరులో ఒకటి, రెండు డిస్కుల్లో రెండు. ఒక డిస్కు ఆవిడతోనే పెనుగొండ వెళ్లింది. దానిమీద సినిమా పాటలు ఎక్కించకుండా ఎవరికి అప్పగించాలో ఆవిడే నిర్ణయించుకున్నారు, మాకు చెప్పలేదు.

డిసెంబరు మూడోవారంలో ఆపరేషన్ అయింది. గ్రంథి మొత్తం తీసేశారు. నరాలు రెండూ కనపడ్డాయని, కాపాడామని సర్జన్‌గారు చెప్పారు. బొంగురు లేదు. మింగుడు హాయిగా ఉంది, రాత్రి నిద్ర పడుతోంది. పైస్థాయి ఇంకా రాలేదు. కొందరికి నెలలు పడుతుంది, అప్పుడే ఏమీ చెప్పలేం.

సంక్రాంతి వెళ్లిన వారం ఫోను చేశారు. మనవడెవరో డిస్కు తగిలించి వినిపించారట, అన్నీ విన్నారట. "నిద్ర పాటలో ఒక చరణం వదిలేశానే. లక్ష్మణుడు తలుపు తట్టేచోట. రాసుకోండి" అన్నారు. రాసుకోవడం కాదు, పాడమన్నాం. పాడారు. మునుపటికన్నా ఒక కట్టె కింద. ఫోనులోనే పట్టాం.

ఆ చరణాన్ని ఒక కట్టె పైకి జరిపి పాటలో అతికించడం ఈ కంప్యూటరుకు రెండు నిమిషాల పని. వినేవాళ్లకు తెలియదు కూడా. మేము జరపలేదు. పాటలో ఆ చోటికి వచ్చేసరికి శ్రుతి దిగుతుంది, ఫోను గరగర వస్తుంది, చరణమయ్యాక మళ్లీ బీరువాల మధ్య గొంతు పైకి లేస్తుంది. పాటలు కావలసినవాళ్లు 8 గిగాబైట్ల పెన్‌డ్రైవు తెచ్చుకుంటే చాలు. గురువారం రాత్రులు ఇంట్లోనే ఉంటాం.